జాబితాలో లేని పేరు

తెలుగు పల్లెలలో భూమికి, పైకానికి సంబంధించి వాడే మాటలు అనేకం అరబ్బీ, ఫార్సీల నుండి ఉర్దూ మీదుగా వచ్చి మన నాలుకలపై స్థిరపడినవి. రైతు, జమ, బాకీ, వసూలు, రసీదు, హక్కు, దస్తావేజు - ఈ మాటలు మన కళాశాలలో ఉర్దూ చదివే విద్యార్థికి ఎంత సొంతమో తెలుగు చదివే విద్యార్థికీ అంతే సొంతం. వీటన్నిటిలో ‘కౌలు’ అనే మాట ప్రత్యేకంగా ఆలోచింపదగినది. అరబ్బీలో ‘ఖౌల్’ అనగా పలుకు, ఇచ్చిన మాట అని అర్థం. ఒకరి భూమిని మరొకరు దున్నుకొనడానికి కుదిరే ఒప్పందానికి ఆ పేరు రావడంలో ఔచిత్యం ఉన్నది. డోర్నకల్ చుట్టుపక్కల గ్రామాలలోను, తండాలలోను ఈనాటికీ కౌలు అనేది చాలవరకు నోటిమాటే. కాగితం ఉండదు, సాక్షి సంతకం ఉండదు. ఉగాది నాటికి మాట కుదురుతుంది, పంట చేతికి వచ్చిన తరువాత మాట తీరుతుంది.

ప్రభుత్వం ఇచ్చే సహాయం మాత్రం నోటిమాట మీద రాదు. అది కాగితం మీద, ఆ కాగితంలోని పేరు మీద, ఆ పేరుకు ముడిపడిన బ్యాంకు ఖాతా మీద వస్తుంది. నోటిమాట మీద సాగు చేసేవాడు ఒకడు, కాగితం మీద సహాయం పొందేవాడు మరొకడు అయినపుడు, ఎవరికి ఎంత ముట్టినదో ఊరికి తెలియవలసిన అవసరం ఉన్నదా లేదా అన్నదే ఈ వ్యాసంలో మేము చర్చింపదలచిన విషయం. తెలియవలెననియే మా నిశ్చితాభిప్రాయం. జాబితాలో ఉన్నవారిని బజారున నిలబెట్టడం కొరకు కాదు, అందులో పేరు లేనివాడు తన పేరు లేదని తెలుసుకొనడం కొరకు ఆ జాబితా వెల్లడి కావలెనని మేము భావిస్తున్నాము.

ముందుగా ఈ సొమ్ము స్వరూపాన్ని చూతము. తెలంగాణ ప్రభుత్వం 2018 మే 10వ తేదీన హుజూరాబాద్ ప్రాంతంలో రైతుబంధు పథకాన్ని ప్రారంభించినది. తొలి ఏడాది ఎకరాకు పంటకు 4,000 రూపాయల చొప్పున, మరుసటి ఏడాది నుండి 5,000 రూపాయల చొప్పున పట్టాదారునికి చెల్లించినారు. తొలి పంటకు చెక్కులు పంచినారు, తరువాత నేరుగా ఖాతాలలో జమ చేసినారు. కేంద్ర ప్రభుత్వం 2019 ఫిబ్రవరిలో ప్రారంభించిన పి.ఎం. కిసాన్ పథకం క్రింద ఏడాదికి 6,000 రూపాయలు మూడు విడతలుగా వస్తున్నవి. 2024 జులై, ఆగస్టు మాసాలలో రాష్ట్ర ప్రభుత్వం 2 లక్షల రూపాయల వరకు పంట రుణాల మాఫీని మూడు దశలలో అమలు చేసినది. రైతుబంధు స్థానంలో 2025 జనవరి 26న రైతు భరోసా వచ్చినది. దీని క్రింద ఎకరాకు పంటకు 6,000 రూపాయలు. ఆ సంవత్సరం జూన్ మాసంలో కేవలం తొమ్మిది దినాలలో సుమారు 9,000 కోట్ల రూపాయలు ఖాతాలకు చేరినవి.

ఇంత వేగంగా, మధ్యవర్తి చేయి తగలకుండా సొమ్ము చేరడం ప్రశంసింపదగిన విషయమే. ఒకనాడు రైతు తన పేరిట మంజూరైన దానికై ఎన్ని గడపలు ఎక్కి దిగవలసి వచ్చెడిదో మన పెద్దలకు తెలియనిది కాదు. అయితే ఖాతా నుండి ఖాతాకు నడిచే ఈ సొమ్ముకు ఒక లక్షణం ఉన్నది. అది చప్పుడు చేయదు. పూర్వం చెక్కులు పంచిన దినాన ఊరందరూ ఒకచోట చేరినారు, ఎవరి పేరు పిలిచినారో అందరూ విన్నారు. ఇప్పుడు ఎవరి చేతిలోని ఫోనులో వారికి సందేశం వస్తుంది. రానివానికి ఏ సందేశమూ రాదు. తనకు రాలేదన్న సంగతి అతనికి కొన్ని వారాల తరువాత తెలుస్తుంది. ఎందుకు రాలేదన్న సంగతి ఒక్కొక్కసారి ఎన్నటికీ తెలియదు.

ఎకరాల లెక్కను కూడ ఒకసారి పరిశీలింతము. రైతుబంధు కాలంలో భూపరిమితి లేదు. మూడెకరాల రైతుకు ఏడాదికి 30,000 రూపాయలు వచ్చిన చోటనే యాభై ఎకరాల ఆసామికి 5 లక్షల రూపాయలు వచ్చినవి. ఆ యాభై ఎకరాలలో పది ఎకరాలు కౌలుకు తీసికొని, అప్పు తెచ్చి మిర్చి వేసినవానికి వచ్చినది సున్న. కొండలకు, బాటలకు, ఇండ్ల స్థలాలుగా మారిన భూములకు సైతం ఈ సొమ్ము ముట్టినదని తరువాత వచ్చిన ప్రభుత్వపు పెద్దలే చెప్పినారు. ఆ మాట ఎంతవరకు నిజమో గ్రామగ్రామాన తేల్చుకొనడానికి గ్రామస్థులకంటె సమర్థులెవ్వరు? ఏ సర్వే నంబరులో గుట్ట ఉన్నదో, దేనిలో వెంచర్ వెలసినదో, దేనిలో పత్తి పండుతున్నదో హైదరాబాదులోని కంప్యూటరు కంటె ఊరి పశువుల కాపరికి బాగా తెలియును. కాని ఆ కాపరి చేతికి జాబితా ఇచ్చినవారు లేరు.

జాబితా వెల్లడించడం కొత్త కోరిక ఏమీ కాదు. 2005 అక్టోబరు 12 నుండి అమలులోనున్న సమాచార హక్కు చట్టం నాలుగవ సెక్షను ప్రకారం, ప్రతి ప్రభుత్వ కార్యాలయం ఎవరూ అడుగకముందే కొన్ని విషయాలను తానై ప్రకటింపవలెను. వానిలో సబ్సిడీ పథకాలు అమలుపరచే విధానం, కేటాయించిన మొత్తాలు, లబ్ధిదారుల వివరాలు స్పష్టంగా పేర్కొనబడినవి. ప్రకటన స్థానిక భాషలో ఉండవలెననియు, నోటీసు బోర్డులు, బహిరంగ ప్రకటనలు కూడ అందుకు సాధనాలనియు అదే సెక్షను చెప్పుచున్నది. ఈ చట్టానికి బీజం పడినది విద్యావంతుల సభలలో కాదు. 1994 డిసెంబరులో రాజస్థాన్‌లోని కోట్ కిరానా గ్రామంలో కూలీలు, రైతులు కూడి, తమ పంచాయతీ పనుల లెక్కలను బహిరంగంగా చదివించుకొని విన్నారు. కాగితంలో ఉన్నదానికీ కంటితో చూచినదానికీ పొంతన లేదని అక్కడికక్కడే తేలినది. చదువు రానివారికి ఆ లెక్క చదివి వినిపించడమే ఒక ఉద్యమానికి నాంది అయినది.

మన రాష్ట్రానికి కూడ ఈ విషయంలో మంచి చరిత్ర ఉన్నది. 2006లో గ్రామీణ ఉపాధి హామీ పథకం అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైన తరువాత, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీ ఒక క్రమపద్ధతిలో జరిగినది. కూలీ కుటుంబాలలోని చదువుకున్న యువతీయువకులకు శిక్షణ ఇచ్చి, మస్టర్లు చేతికిచ్చి, ఇంటింటికీ పంపినారు. వారు కనుగొన్న వ్యత్యాసాలను గ్రామసభలోను, మండల స్థాయి బహిరంగ సభలోను చదివి వినిపించినారు. కూలికి ఇచ్చిన సొమ్ము విషయంలో సాధ్యమైన పని, పట్టాదారునికి ఇచ్చిన సొమ్ము విషయంలో అసాధ్యమెట్లు అగును?

జాబితా బయటపడితే అనర్హుల పేర్లు పట్టుబడునని సాధారణంగా అందరూ చెప్పుదురు. అది నిజమే. పి.ఎం. కిసాన్ క్రింద 2020 జులై నాటికి 20 లక్షలకు పైబడిన అనర్హులకు 1,364 కోట్ల రూపాయలు చెల్లించినట్లు సమాచార హక్కు దరఖాస్తుకు వచ్చిన సమాధానం ద్వారానే దేశానికి తెలిసినది. ఆ అనర్హులలో సగానికి మించినవారు ఆదాయపు పన్ను కట్టువారు. అయితే దీనికంటె ముఖ్యమైన మరొక సాక్ష్యం ఉన్నది. 2008లో కేంద్ర ప్రభుత్వం చేసిన పంట రుణాల మాఫీపై కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2013లో ఒక నివేదిక సమర్పించినారు. మాఫీ పొందిన ఖాతాలు 80,299 పరిశీలింపగా, వానిలో అర్హత లేనివి నూటికి 8.5 మాత్రమే. మాఫీ పొందని ఖాతాలు 9,334 పరిశీలింపగా, వానిలో 1,257, అనగా నూటికి 13కు పైగా, అర్హత ఉండియు విడిచిపెట్టబడినవి. ఈ రెండు అంకెలను పక్కపక్కన ఉంచి చూడవలసినదిగా కోరుచున్నాము. అక్రమంగా చేరిన పేర్లను గురించి పత్రికలు వ్రాయును, శాసనసభలు వాదించును. అక్రమంగా జారిపోయిన పేర్లను గురించి ఆ పేరుగలవాడు తప్ప అడిగేవాడు ఉండడు. అతడైనను జాబితా చూచినపుడే అడుగగలడు.

పేర్లు జారిపోయే కారణాలు మన ప్రాంతంలో ఒకటి కాదు. ఇక్కడ ఇంటిపేరు భూక్యా అని ఒకచోట, భుక్య అని మరొకచోట, బానోతు అని పట్టాలో, బానోత్ అని ఆధార్‌లో వ్రాయబడును. షేక్ అనే మాట ఒక కాగితంలో పేరుకు ముందు, మరొక కాగితంలో వెనుక ఉండును. మహబూబ్ అనే ఒక్క పేరును ఆంగ్ల అక్షరాలలో ఎన్ని విధాల వ్రాయవచ్చునో మన హాజరు పట్టీలు చూచినవారికి తెలియును. కంప్యూటరుకు ఇవన్నియు వేర్వేరు మనుషులు. 2024 నాటి రుణమాఫీలో రేషన్ కార్డు లేక ఆగినవారు కొందరైతే, ఇట్లు అక్షరం కలియక ఆగినవారు మరికొందరు. తండ్రి సాదాబైనామా మీద భూమి కొని, పట్టా మార్చుకొనకుండానే కాలం చేసిన కుటుంబాలు ఇంకొన్ని. తెల్లకాగితంపై వ్రాసుకున్న ఆ క్రయపత్రం ఊరిలో చెల్లును గాని కార్యాలయంలో చెల్లదు.

వీరందరికంటె క్రింది మెట్టున ఉన్నవాడు కౌలుదారు. రైతు స్వరాజ్య వేదిక 2022లో తెలంగాణ గ్రామాలలో జరిపిన సర్వేలో నూటికి దాదాపు 36 మంది రైతులు కౌలుకు సాగు చేయుచున్నట్లు తేలినది. ఒకనాటి పహాణీలో పట్టాదారు గడితో పాటు సాగుదారు గడి కూడ ఉండెడిది. భూరికార్డుల ప్రక్షాళన, ధరణి వచ్చిన తరువాత ఆ గడి మరుగునపడినది. 2011లో వచ్చిన అధీకృత సాగుదారుల చట్టం కౌలుదారునికి రుణార్హత కార్డు ఇమ్మన్నది. దీనివలన భూయజమాని హక్కుకు ఎట్టి భంగమూ కలుగదని కూడ ఆ చట్టమే హామీ ఇచ్చినది. అయినను 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టపు జ్ఞాపకం భూస్వాముల మనస్సులలో ఇంకను మాసిపోలేదు గనుక, కాగితం మీద సంతకం చేయుటకు సామాన్యంగా ఎవ్వరూ ముందుకు రారు. 2025 జనవరి నాటి రైతు భరోసా మార్గదర్శకాలు కూడ పట్టానే ప్రమాణంగా గ్రహించినవి.

జాబితా గోడకెక్కినంతమాత్రాన కౌలుదారుని ఖాతాలో పైకం పడదు. ఆ సంగతి మేము ఎరుగుదుము. అయినను అతనికి ఒక ఆధారం దొరుకును. ఈ సర్వే నంబరుపై ఈ పంటకు ఇంత సొమ్ము ఫలానావారికి వచ్చినదని అందరి ఎదుట వ్రాసి ఉన్నపుడు, కౌలు రేటు మాట్లాడుకొనే దినాన ఆ అంకెను అతడు నోరు తెరిచి చెప్పగలడు. ఆ నంబరులో పంట వేసినది తానేనని వ్యవసాయ విస్తరణాధికారి ముందు, ఇరుగుపొరుగు సాక్షిగా నిలబడగలడు. తన పేరు ఏ గడిలోనూ లేదన్న సంగతి అప్పుడు ఊరికంతటికీ కనబడును.

ఇక ఆక్షేపణలను విచారింతము. ఒకరి రాబడిని పదిమందికి చెప్పడం వారి ఆంతరంగికతకు భంగమని కొందరు అందురు. ఇది తోసిపుచ్చదగిన మాట కాదు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని తీర్పు చెప్పినది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలోని ఎనిమిదవ సెక్షనును సవరించినది. ఆ సవరణ 2025 నవంబరులో అమలులోకి వచ్చినది. వ్యక్తిగత సమాచారమన్న ఒక్క మాటతో అధికారి నిరాకరించుటకు దీనివలన వీలు పెరిగినదని పలువురు ఆందోళన వెలిబుచ్చినారు. అయినను నాలుగవ సెక్షనులోని లబ్ధిదారుల వివరాల నిబంధనను ఎవ్వరూ తొలగింపలేదు. నష్టం కంటె ప్రజాహితం మిన్న అయినపుడు వెల్లడింపవచ్చునన్న నిబంధన కూడ నిలిచియే ఉన్నది.

ఈ చిక్కును ఐరోపా దేశాలు మనకంటె ముందే ఎదుర్కొన్నవి. అక్కడ రైతులకిచ్చే సహాయం వివరాలను పేరుతో సహా ప్రకటించగా, జర్మనీలోని హెస్సే రాష్ట్రపు రైతులు న్యాయస్థానానికి వెళ్ళినారు. 2010 నవంబరు 9న ఐరోపా న్యాయస్థానం, చిన్న మొత్తమా పెద్ద మొత్తమా అన్న విచక్షణ లేకుండా వ్యక్తులందరి పేర్లు ప్రకటించడం మితిమీరినదని తీర్పు చెప్పినది. ఆ తీర్పుతో వారు ప్రకటననే మానుకొనలేదు. 2013లో నిబంధనలు మార్చి, స్వల్ప మొత్తం పొందువారి పేర్లు మినహాయించి, మిగిలిన వివరాలు తిరిగి వెల్లడింపసాగినారు. చెప్పవలసినదానికీ దాచవలసినదానికీ నడుమ గీత గీయవచ్చునని దీనివలన తెలియుచున్నది.

ఆ గీత మన గ్రామంలో ఎక్కడ ఉండవలెను? ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా సంఖ్య, ఫోను నంబరు ఎన్నడును బయట పెట్టరాదు. నేటి సైబరు మోసగాళ్ళకు ఆ మూడును చాలును. పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, చెల్లించిన మొత్తం, చెల్లించిన తేదీ - ఇవి తప్పక తెలుపవలెను. ఇది ప్రజలు పన్నుగా కట్టిన సొమ్ము. ఊరివారికి ఎవరి భూమి ఎంతో తెలియనిది కాదు. ఆ భూమి పేరిట ఖజానా నుండి ఎంత కదలినదో మాత్రమే తెలియదు. పేర్లు ఇంటర్నెట్టులో దేశమంతటికీ కనబడనక్కరలేదనువారితో మాకు పేచీ లేదు. ఆ గ్రామపు జాబితా ఆ గ్రామంలో ఉన్న చాలును.

సొమ్ము పడినదని తెలిసిన మరుక్షణం అడ్తిదారు, వడ్డీవ్యాపారి ఇంటి ముందు నిలబడునని మరొక ఆక్షేపణ. కాని విడుదల తేదీని మంత్రులే పత్రికలలో ప్రకటించుచుండగా అప్పులవానికి కొత్తగా తెలిసేదేమున్నది? జాబితావలన ఊరిలో పగలు రేగునని ఇంకొక మాట. పగ అనుమానం మీద పెరుగును. ‘వానికి ఎంత వచ్చెనో’ అన్న గుసగుస కంటె గోడమీది అంకె తక్కువ ప్రమాదకరం.

2025 జనవరి 21 నుండి 24 వరకు రాష్ట్రమంతట గ్రామసభలు జరిపి, రైతు భరోసా, భూమిలేని కూలీలకు ఇందిరమ్మ ఆత్మీయ భరోసా, రేషన్ కార్డులు, ఇండ్ల జాబితాలను చదివి వినిపించినారు. అనేక చోట్ల పేర్లు లేనివారు లేచి అధికారులను నిలదీసినారు. దానిని గలాటాగా వర్ణించినవారు ఉన్నారు. మా దృష్టిలో ఆ నాలుగు దినాలు జాబితా తన పని తాను చేసినది. పేరు లేనివాడు లేచి నిలబడి ‘నా పేరేది?’ అని అడుగగలిగిన చోటు మన పాలనలో గ్రామసభ ఒక్కటే. రెండు నెలలకొకసారి అది జరుగవలెనని 2018 నాటి పంచాయతీరాజ్ చట్టం విధించినది. 2025 డిసెంబరు ఎన్నికలతో గ్రామాలకు తిరిగి సర్పంచులు వచ్చినారు గనుక, ఈ విధిని గుర్తుచేయుటకు ఇది తగిన సమయం.

కావున మా సూచనలు మూడు. ప్రతి పంట కాలంలో చెల్లింపు ముగిసిన పిమ్మట పైన చెప్పిన వివరాలతో జాబితాను గ్రామపంచాయతీ గోడపైన, రైతు వేదికలోను అంటింపవలెను. దాని పక్కనే, నిలిపివేసిన పేర్ల జాబితాను కారణంతో సహా ఉంచవలెను. ఈ రెండవది లేనిచో మొదటిది సగమే. మూడవది, రెండు జాబితాలను గ్రామసభలో తెలుగులోను, తండాలలో లంబాడీ భాషలోను చదివి వినిపింపవలెను. ఎరువుల దుకాణదారు నిల్వను, ధరను బోర్డుపై వ్రాయవలెనని 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు శాసించినది. 2025 వానాకాలంలో మహబూబాబాద్ జిల్లాలో యూరియా బస్తా కొరకు తెల్లవారుజామునుండి వరుస కట్టినవారికి ఆ బోర్డు విలువ తెలియును. దుకాణదారునికి విధించిన నియమం ప్రభుత్వానికి బరువు కారాదు.

విద్యార్థులకు ఒక మాట. మీలో చాలామంది మీ ఇంటిలో కార్యాలయపు కాగితాన్ని చదువగలిగిన మొదటివారు. ఆ చదువును ఊరికి వినియోగింపుడు. సమాచార హక్కు దరఖాస్తుకు గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు. ముప్పది దినాలలో సమాధానం రావలెను. మీ గ్రామపు జాబితాను అడుగుడు. వచ్చిన తరువాత అందులో అనర్హులెవ్వరని వెదకుటకు ముందు, మీ వాడలో దున్నేవారందరి పేర్లు ఒక కాగితంపై వ్రాసికొని, ఆ జాబితాతో సరిచూడుడు. కళాశాల కమిటీ పెద్దలు అనుమతించినచో జాతీయ సేవా పథకం శిబిరాలలో ఈ పనిని ఒక అంశంగా చేర్చవచ్చును. మొక్కలు నాటుటకు, వీధులు ఊడ్చుటకు ఇది తీసిపోయిన సేవ కాదు. ఒక శిబిరంలో అక్షరం కలియక ఆగిపోయిన పది పేర్లు సరిదిద్దబడినను, కౌలుదారులు ఐదుగురు తమ సర్వే నంబరుపై ఎంత సొమ్ము వచ్చినదో తెలుసుకొన్నను, ఆ సంవత్సరపు చదువు ఊరికి ఉపయోగపడినదని మేము నిస్సంకోచంగా చెప్పగలము.